చిట్టెలుకలకు ఇక గుండెపోటు రాదు

గుండె జబ్బు మళ్లీ నయమైంది. ఈసారి ఏదో ఆకు రసంతో. 'రక్తనాళాల్లో కొవ్వుకు చెక్!' అని హెడ్డింగు, పక్కన ఛాతీ పట్టుకున్న నెరిసిన జుట్టు పెద్దాయన ఫొటో. అసలు పేషెంటు మాత్రం చివరి పేరాలో, ప్రకటన కింద నక్కి ఉంది. దాని సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను.

చిట్టెలుకకు మామూలుగా ఈ జబ్బు రాదు. గుండె నిమిషానికి 500 సార్లకు పైగా కొట్టుకుంటున్నా దాని రక్తనాళాలు శుభ్రంగానే ఉంటాయి. ఇది కుదరదని 1992లో అమెరికాలో అపో-ఈ అనే జన్యువును తీసేసి, జబ్బు పడే చిట్టెలుకను తయారుచేశారు. పైగా 21 శాతం కొవ్వున్న మేత వారాల తరబడి పెడతారు. దాని పేరు 'వెస్టర్న్ డైట్'. ఈ గౌరవం బిర్యానీకి దక్కనందుకు హైదరాబాద్ తరఫున నిరసన తెలుపుతున్నాను.

ఆ తర్వాత మందు. పనిచేసిందో లేదో తెలియాలంటే పేషెంటు చావాలి. ఛాతీ తెరిచి, గుండె ఎడమ గదిలోకి సూది గుచ్చి, ఉప్పునీటితో రక్తమంతా కడిగేస్తారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, సేమ్యా పోగంత ఉంటుంది. ఒక పీహెచ్‌డీ అమ్మాయి మైక్రోస్కోప్ మీద వంగి, సన్నటి ఫోర్సెప్స్‌తో దాని చుట్టూ అంటుకున్న కొవ్వును ఓపిగ్గా పీకుతుంది. లోపలి కొవ్వు కనబడాలని ఎర్రరంగు వేస్తారు; బయటి కొవ్వు మిగిలితే అదీ ఆ రంగు పీల్చుకుని లెక్క తప్పిస్తుంది. ఫ్యాన్ వద్దు, ఫోన్ వద్దు, తుమ్ము అసలే వద్దు. ఆ పోగును నిలువునా చీల్చి, నల్ల మైనం మీద పరిచి, కంటికి ఆనని పిన్నులు గుచ్చుతుంది. ఎరుపు తగ్గితే పేషెంటు కోలుకున్నట్టు.

ఇక మన చానల్ మైకు పట్టుకుని రావడమే తరువాయి. "ఇప్పుడెలా అనిపిస్తోందండీ? ఆయాసం తగ్గిందా? ప్రేక్షకులకు మీరిచ్చే సందేశం?"

2019లో జేమ్స్ హీథర్స్ అనే శాస్త్రవేత్త ట్విట్టర్‌లో ఒక ఖాతా తెరిచి, ఇలాంటి ప్రతి వార్తకూ 'చిట్టెలుకల్లో' అన్న మాట తగిలించడమే పనిగా పెట్టుకున్నాడు. మన దగ్గర ఆ ఉద్యోగానికి మూడు షిఫ్టులు కావాలి.

అమ్మాయి తన పరిశోధన పేపర్లో 'ఎలుక' అనే రాసింది. ఆమె కొవ్వు పీకినంత శ్రద్ధగా ఆ మాటను పీకేసింది ఎవరు? మనిషికి గుండెపోటు ఎక్కువగా వచ్చేది గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనిలోని పూడిక పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టి. ఈ ఎలుకల్లో పూడిక పగలడమే అరుదు. పైగా అది పేరుకునేది ఎక్కువగా బృహద్ధమని మొదట్లో, వంపులో. ఇది దాచాల్సినంత రహస్యమా?

ఎవరి తండ్రో ఈ హెడ్డింగు చదివి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల డబ్బా అటక మీద పెట్టి ఆకు నూరుకుంటాడు. స్టెంట్ వేయించుకున్నాయన రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు మధ్యలో మానేస్తే, ఆ స్టెంట్‌లోనే గడ్డకట్టి ప్రాణం పోవచ్చు. ఈ ముక్క మీ డెస్కులో ఒక్కరికీ తెలియదా? తెలిసీ రాశారంటే క్లిక్కులకు మనిషిని అమ్ముకున్నారు. సిగ్గుండాలి.

'ఎలుక' హెడ్డింగులో పట్టలేదంటారా? 'చెక్' తీసేయండి, పడుతుంది.