లీడ్ సింగిల్ గారికి, పాలమూరు నుంచి

మహారాజశ్రీ లీడ్ సింగిల్ గారి సముఖానికి,

మేమిక్కడ క్షేమం. మొన్న శనివారం సాయంత్రం దాకా ఇంకా క్షేమంగా ఉండేవాళ్ళం.

ఆల్బమ్ కన్నా ముందు మచ్చుగా వదిలే ఒక్క పాట తమరే కదా, తమరు వచ్చిన రాత్రి నాకింకా గుర్తే. లండన్‌లో సాయంత్రం 6 గంటలకన్నారు. అక్కడ ఎండాకాలమైతే మనకు రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. ఇంట్లోవాళ్ళ పుట్టినరోజులు మరిచిపోతాను గానీ ఈ లెక్క మరవను. నాలుగు డ్రమ్ము దెబ్బలు, వెంటనే రెండు గిటార్లు పొట్టేళ్ళలా ఢీకొట్టుకోవడం, మూడో నిమిషంలో అన్నీ ఆగిపోయి బేస్ ఒక్కటే నడుచుకుంటూ పోవడం. ఒంటిగంట దాకా తిప్పి తిప్పి విన్నాను. ఆరేళ్ళుగా ఆల్బమ్ లేని బ్యాండ్ మరి. "మనోళ్ళు మళ్ళొచ్చిన్రు" అని గ్రూపులో పెట్టాను.

గ్రూపంటే ఐదుగురం. ఉమ్మడి మహబూబ్‌నగర్‌ను ఐదు జిల్లాలు చేశారు కదా, మేం సరిగ్గా జిల్లాకొకడి చొప్పున ఉన్నాం.

శుక్రవారం ఆల్బమ్ వచ్చింది. అందరం కలిసే వినాలని ఒట్టు పెట్టుకున్నాం కాబట్టి ఎవడూ ముట్టుకోలేదు. శనివారం గద్వాలవాడు, నారాయణపేటవాడు, వనపర్తివాడు, నాగర్‌కర్నూల్‌వాడు బస్సులెక్కి మా ఇంటికొచ్చారు. అమ్మ సర్వపిండి చేసింది. మామూలు స్పీకర్లు తమరి స్థాయికి తగవని, పెళ్ళి బరాత్‌లకు తిరిగే డీజే తమ్ముణ్ణి బతిమాలి, రెండు వేలిచ్చి, పెద్ద బాక్సులు డాబా ఎక్కించాను.

మొదటి పాట తమరే. నీళ్ళ ట్యాంకు మూత అదిరింది. డీజే తమ్ముడు కూడా తలూపాడు.

రెండోది పియానో. సరే, ఊపిరి తీసుకుంటున్నారు అనుకున్నాం. మూడోదీ పియానోనే, పక్కన నిజంగానే ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. నాలుగోదాంట్లో రెండు నిమిషాలు వాన చప్పుడు. పాలమూరోడికి వాన చప్పుడు వినిపిస్తే చాలు, పాట అడగడనుకున్నారేమో. ఐదో పాటకు డీజే తమ్ముడు వైర్లన్నీ ఊడబీకి, మళ్ళీ పెట్టి, "అన్నా, బాక్సులు మంచిగనే ఉన్నయ్. నీ పెన్ డ్రైవే ఖరాబైనట్టుంది" అన్నాడు. ఏడో పాటకు పక్కింటి అవ్వ గోడ మీంచి తల పెట్టి, "ఎవలన్న పోయిన్రా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. గద్వాలవాడు ఆఖరి బస్సుందని లేచాడు. ఆఖరి బస్సుకు ఇంకా మూడు గంటలుంది.

మొత్తం 11 పాటలు, 43 నిమిషాలు. అందులో గిటార్ అనే వస్తువు మోగింది 3 నిమిషాల 50 సెకన్లు. అంటే తమరి నిడివి ఎంతో అంత.

నెమ్మది పాటలు నాకు పడవని తమరు పొరబడకండి. 2024లో ది క్యూర్ బ్యాండ్ వాళ్ళు పదహారేళ్ళ తర్వాత ఆల్బమ్ తెస్తూ ముందుగా వదిలిన పాటలో గాయకుడి గొంతు వినపడటానికే మూడు నిమిషాల పైన పట్టింది. స్ట్రీమింగ్‌లో 30 సెకన్లు దాటితే ఒక ప్లే కింద లెక్కేసుకునే ఈ రోజుల్లో అది తెగింపే. నాకు కోపం రాలేదు. ఆల్బమ్ తెరిస్తే లోపలంతా అదే చీకటి, అదే నిదానం. చెప్పిందే ఇచ్చారు. 2000లో రేడియోహెడ్ బ్యాండ్ 'కిడ్ ఎ' ఆల్బమ్‌కు అసలు సింగిలే తీయలేదు. మూట విప్పం, కొంటే కొనండి అన్నట్టు. జనం కొన్నారు, అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో నిలబెట్టారు. అదీ ఒక రకం మర్యాదే.

మా నాన్న ఆ సాయంత్రమంతా మూలన కూర్చుని సర్వపిండి తింటూ మౌనంగా విన్నారు. ముప్పై ఏళ్ళుగా బాదేపల్లి యార్డుకు పల్లికాయ తోలిన మనిషి. అంతా వెళ్ళాక, అసలు ఈ పాటను ముందు ఎందుకు వదులుతారని అడిగారు. మచ్చు లాంటిది నాన్నా అన్నాను.

"మచ్చు ఎవలు తీసిన్రు?"

"వాళ్ళే. బ్యాండోళ్ళు, కంపెనీవోళ్ళు కూసొని."

నాన్న నవ్వారు. "మచ్చు కొనెటోడు తియ్యాలె గాని, అమ్మెటోడు తీస్తడా బిడ్డా?"

యార్డులో కొనేవాడు కుప్ప మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి పెడతాడు. గుప్పెడు కాయ తీసి, అక్కడే ఒలిచి, గింజ చూస్తాడు. పైన పోసిన కాయను ఎవడూ నమ్మడు. తూకం దగ్గర సరుకు తేడా కనిపిస్తే ధర కోస్తాడు. ఒక్క గింజ పుచ్చయినా మా నాన్న జవాబు చెప్పాలి. తమరి విషయంలో మాత్రం పదకొండు కాయల్లో నిండుగా ఉన్న ఒక్కదాన్ని ఏరి, తుడిచి, రెండున్నర నెలలు మా ముందు ఆడించి, మూట కట్టాక పదీ గుల్లలని తేలితే ధర కోయడానికి నేనెవర్ని?

మధ్యలో గాయకుడి ఇంటర్వ్యూలు సరేసరి. "ఇప్పటిదాకా చేసినవాటిలో ఇదే నిజాయితీ గల ఆల్బమ్" అట. ప్రతిసారీ ఇదే మాట. ముందువన్నీ ఏమిటి మరి? ఆర్నెల్లాగితే డీలక్స్ ఎడిషన్ కూడా వస్తుంది, ఇంకో నాలుగు పియానోలతో.

1991లో ఆర్.ఇ.ఎం. బ్యాండ్ వాళ్ళు 'లూజింగ్ మై రెలిజియన్'ను ముందు వదులుతామంటే కంపెనీ జంకింది. మాండలిన్ మీద నడిచే పాట రేడియోలో ఆడుతుందా అని. ఆడింది, ఆల్బమ్‌లోనూ ఆ మాండలిన్ నీడ ఉంది. అమెరికా దక్షిణాది వాడుకలో ఆ పాట పేరుకు అర్థం మతం పోవడం కాదు, ఓపిక పోవడం.

నాకిప్పుడు పోయింది అదే. ఇక గారూ లేదు, తమరూ లేదు. నువ్వు అబద్ధాలకోరువి. నీ వెనక ఏముందో తెలిసే అంత గట్టిగా మోగావు. ఆ నాలుగు డ్రమ్ము దెబ్బలు ఆల్బమ్ అంతా పూర్తయ్యాక, "ఇందులో సింగిలేది?" అని ఎవడో అడిగితే హడావుడిగా కొట్టినవని నా అనుమానం. నా రెండు వేలు పోతే పోనీ. ఆ నలుగురూ బస్సుల్లో తలలు వంచుకుని పోయారు చూడు, వాళ్ళను ఇంకోసారి పిలవడానికి నాకు మొహం లేదు.

ఇంతవరకు రాసి, సంతకం పెట్టబోతుంటే డీజే తమ్ముడి ఫోను.

"అన్నా, ఆ మొదటి పాట ఉంది గద, అది పంపు. ఎల్లుండి భూత్పూర్ల బరాత్ ఉంది, తీన్మార్ల కలిపి ఏస్త."

పంపాను. కోపంలో ఉన్నా పంపాను. పెళ్ళికొడుకు నాకు దూరపు చుట్టమే, పోక తప్పలేదు. బస్టాండు మలుపు దగ్గర గుర్రం ఆగింది. నాలుగు దెబ్బలు పడ్డాయి. తర్వాత రెండు గిటార్లూ, వాటి వెనకే డప్పులూ అందుకున్నాయి. పెళ్ళికొడుకు చిన్నాయన కండువా నడుముకు చుట్టాడు. మూడో నిమిషంలో నీ బేస్ ఒంటరిగా నడిచినప్పుడు యాభై మంది చేతులు పైకెత్తి ఆగిపోయారు, ఎవరూ చెప్పకుండానే.

ఆ యాభై మందిలో నేనున్నానా లేదా అన్నది నీకనవసరం.

ఇట్లు,
సర్వపిండి చల్లారిపోయిన పాలమూరు శ్రోత