కొలిమిలో నానోఫైబర్ పొరను బిగించాలా, వదిలేయాలా?

(ఇద్దరి వాదన: బిగువు పొరను లాగి పట్టాలంటాడు, నిదానం మెల్లగా వేడి చేయాలంటాడు.)

బిగువు: పాలీఅక్రిలోనైట్రైల్ (కార్బన్ ఫైబర్లకు ముడిసరుకైన పాలిమర్) పొరను ఊరికే ఫర్నేస్‌లో పెడితే అప్పడంలా ముడుచుకుని బయటికొస్తుంది. స్పిన్నింగ్‌లో, అంటే ద్రావణాన్ని సన్నని పోగులుగా లాగేటప్పుడు, సాగిన పాలిమర్ గొలుసులు సుమారు 100 డిగ్రీలు దాటాక సడలుతాయి. ఎంత మెల్లగా వేడి చేసినా ఆ సడలింపు ఆగదు. ఆపాలంటే ఫ్రేముకు బిగించాల్సిందే.

నిదానం: ముడుచుకోవడం వేరు, ఫైబర్లు ఒకదానికొకటి అతుక్కోవడం వేరు. మీ ఫ్రేము పట్టుకునేది అంచుల్నే. 250 డిగ్రీల దగ్గర పాలిమర్ గొలుసుల మీది నైట్రైల్ గుంపులు (కార్బన్–నైట్రోజన్ జంటలు) వలయాలుగా కలిసేటప్పుడు లోపలే వేడి పుడుతుంది. నిమిషానికి 10 డిగ్రీలు ఎక్కిస్తే అది మందపాటి పొర నడుమ పోగుపడి, ఫైబర్లు తాకిన చోటల్లా అతుకులు పడతాయి. నిమిషానికి 1 డిగ్రీ చాలు. గాలిలో 250–280 దాకా వెళ్లి, అక్కడ ఒకటి రెండు గంటలు ఉంచాలి; ఇదే స్టెబిలైజేషన్. నైట్రోజన్‌లో 800 డిగ్రీల దగ్గర కార్బన్‌గా మార్చడం (కార్బనైజేషన్) ఆ తర్వాతి మాట.

బిగువు: ర్యాంపు (వేడి ఎక్కించే వేగం) మీద నాకు పేచీ లేదు. కానీ ఫైబర్లను ఒకే దిశలో పేర్చిన పొరైతే? వదిలేస్తే ఆ వరస చెదిరిపోతుంది.

నిదానం: నాలుగు వైపులా క్లిప్పులు పెడితే మాత్రం? వలయాలు ఏర్పడేటప్పుడు పొర మళ్లీ కుదించుకుంటుంది. దానికి చోటివ్వకపోతే క్లిప్పు దగ్గరే చిరుగుతుంది. గ్రాఫైట్ పలకల మధ్య నొక్కి ఉంచినా కష్టమే: గాలి అందక అంచులు నల్లబడతాయి, నడుమ గోధుమరంగు మిగిలిపోతుంది.

బిగువు: అందుకే పొడవును కట్టేయను. ఒక చివర బిగించి, రెండో చివర చిన్న బరువు వేలాడదీస్తాను. పొర కుదించుకోవాలంటే కుదించుకుంటుంది, లాగుడు మాత్రం తగ్గదు. పలకలు కార్బనైజేషన్‌కే, అదీ తేలిగ్గా. అంతకు ముందు నడుమనుంచి చిన్న ముక్క తీసి డీఎంఎఫ్‌లో (ఈ పాలిమర్‌ను కరిగించే ద్రావకం) వేసి చూస్తాను. కరిగితే స్టెబిలైజేషన్ కానట్టే, ఇంకా గాలిలో ఉండాలి.

నిదానం: ఈ పద్ధతి టైటానియాకి (టైటానియం డయాక్సైడ్) పనికిరాదు. పీవీపీ అనే పాలిమర్‌తో కలిపి స్పిన్ చేసిన పొరలో పాలిమర్ కాలిపోయాక పట్టు నిలవదు. బరువు కట్టారా, తునకలే. నిమిషానికి 1–2 డిగ్రీలు, 500 దగ్గర ఆపేయాలి. వేగం పెంచితే వాయువులు ఒక్కసారిగా తన్నుకొచ్చి ఫైబర్లు విరుగుతాయి. వేడి మరీ పెంచితే స్ఫటికాలు ఫైబరంత లావెక్కి, పూసలదండలా మారి, కీలు దగ్గర తెగుతాయి.

బిగువు: టైటానియాను అల్యూమినా పలక మీద వదులుగానే పరుస్తాను. బరువు పాలీఅక్రిలోనైట్రైల్‌కే.

నిదానం: అంతకన్నా ముందు ఆ పాలీఅక్రిలోనైట్రైల్ పొరలో మిగిలిన డీఎంఎఫ్ పూర్తిగా పోయేలా వాక్యూమ్‌లో 60–80 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టండి. తడి మిగిలితే మీ బరువుకు పొర సాగి పలచబడుతుంది.