ఫిడేలు కడుపులో అతికించిన చీటీకి బహిరంగ లేఖ

చీటీ గారికి,

నమస్కారాలు. తాతయ్య పోయాక అటక మీద నుంచి దించిన ఫిడేలు కంతలోకి టార్చి వేసి, ఒక కన్ను మూసి చూస్తే కనబడే రెండంగుళాల కాగితం మీరే. మీ మీద ‘ఆంటోనియస్ స్ట్రాడివేరియస్’ అన్న పేరు, అంటే ఫిడేళ్ల తయారీలో లోకమంతా పేరుమోసిన ఆంటోనియో స్ట్రాడివారి పేరు, చదివిన రాత్రి నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆ ఫిడేలు మోత భరించలేక తలుపులేసుకున్న వాళ్లే ఇప్పుడు ‘తాతయ్య చేతిలో ఏముందో గానీ’ అని కళ్లు ఒత్తుకుంటున్నారు.

మీది లాటిన్ భాష. పెదనాన్న మూడుసార్లు గట్టిగా చదివి, ఒక్క ముక్క అర్థం కాకపోవడంతో అసలుదే అని తేల్చేశారు. చివర ‘17’ అని అచ్చేసి, మిగతా రెండంకెలకు జాగా వదిలారు మీకు. ఆ జాగాలో ఎవరో ‘21’ అని నింపారు. నీలం బాల్‌పెన్నుతో. అది కూడా ఎవరికీ అడ్డు రాలేదు. 1721 నాటి వస్తువంటే మాటలా!

మరి మీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘మేడ్ ఇన్ చెకోస్లోవేకియా’ అని ఎందుకుంది స్వామీ? స్ట్రాడివారి ఇటలీలోని క్రెమోనాలో 1737లో కన్నుమూశాడు. చెకోస్లోవేకియా అనే దేశం పుట్టింది 1918లో. అంటే ఆయన పోయిన 181 ఏళ్లకు పుట్టిన దేశంలో ఆయన మా కోసం ఫిడేలు చేశాడన్నమాట. ఈ లెక్క చెబితే పిన్ని ‘గొప్పవాళ్లకి సాధ్యం కానిదేముంది’ అంది.

మీ తప్పు కూడా పెద్దగా లేదు లెండి. జర్మనీలో మార్క్‌నోయికిర్షెన్, దానికి దగ్గర్లోనే, తరువాత చెకోస్లోవేకియాలో భాగమైన బొహీమియాలో షేన్‌బాఖ్ లాంటి ఊళ్లలో ఒకరు తలలు చెక్కి, ఇంకొకరు పలకలు కోసి, వేలకు వేలు ఫిడేళ్లు చేసి పంపేవారు. ఫలానా ఉస్తాదు నమూనాలో చేశాం అని చెప్పడానికే మీలాంటి చీటీలు అంటించేవారు. అమెరికా 1891 నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని పట్టుబట్టింది. మీరు నిజమే చెప్పారు, చిన్న అక్షరాల్లో. మా వాళ్లే పెద్ద అక్షరాల దగ్గర ఆగిపోయారు.

చివరికి వాయిద్యాలు బాగుచేసే పెద్దాయన్ని పిలిచాం. ఆయన మీ మొహం కూడా చూడలేదు, ఏమనుకోకండి. ముందు ఫిడేలు అంచు వెంబడి ఉన్న నల్లగీత మీద గోటితో గీరాడు. మంచి పనితనం అయితే అది చెక్కలో గాడి తీసి పొదిగిన సన్నటి పట్టీ. మనది సిరాతో గీసిన గీత. తరువాత పల్చటి అద్దం లోపలికి దూర్చి మంచి ఫిడేలుకి మూలల్లో ఉండే చెక్క దిమ్మలున్నాయో లేదో చూశాడు. లేవు. వార్నిష్ అరిగింది చూడండని పెదనాన్న చూపిస్తే, చెయ్యి ఆనే చోటా గడ్డం ఆనే చోటా అరగాలి గానీ, ఎవరూ తాకని చోట ఇంత అందంగా ఎలా అరుగుతుందండీ అన్నాడు. కొత్తదానికే పాత కళ తెప్పించే పని అట.

మీ బంధువర్గం కూడా మా ఇంట్లోనే మకాం. టీ కెటిల్ అడుగున నాలుగు ముద్రలు, అచ్చం వెండి హాల్‌మార్కుల్లాగే, వరసగా. దగ్గరగా చదివితే ఈ.పీ.ఎన్.ఎస్., అంటే రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమం మీద వెండి పూత. ఆల్బమ్‌లో ఒక పెన్నీ బ్లాక్ ఉంది, 1840 నాటి మొదటి తపాలా బిళ్ల. అది మాత్రం అసలుదే. కాకపోతే దాదాపు 6.8 కోట్లు అచ్చువేశారు, పైగా మనదానికి మూల చిరిగింది. వీటన్నిటిలో కాస్త పలికేవి నాణేలే. వాటిని చూడటానికి మనిషి వస్తున్నాడని తెలిసి పిన్ని రాత్రికి రాత్రే టూత్‌పేస్టుతో తళతళలాడేలా తోమేసింది. మొహం మెరిసింది, ధర మాసిపోయింది.

ధర అంటే గుర్తొచ్చింది. నెట్‌లో ఎవరో అడుగుతున్న ధర చూసి అదే ధర అనుకుంటారు మా వాళ్లు. నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడమంటే వినరు. బీమా కోసం వేసే లెక్క వేరు, వేలంలో పలికేది వేరు. మాకు వీటికి మించిన పద్ధతి ఇంకొకటుంది. ఎవరికైనా ఫిడేలు తన వాటాకి వస్తే పాత చెక్క, తమ్ముడి వాటాకి వెళ్తే స్ట్రాడివేరియస్.

లేస్తూ లేస్తూ పెద్దాయన అడిగాడు, ‘కమాను ఏదండీ?’

ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. వెంట్రుకలు ఊడిపోయాయని కమానును ఏనాడో చీపురు పుల్లలు కట్టి బూజుకర్ర చేశాం. తెచ్చిచ్చాను. సాలెగూళ్లు తుడిచి, కిటికీ దగ్గరికెళ్లి, కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. మంచి కమాన్లకు వాడే పెర్నంబుకో కర్ర, పిడికి వెండి తొడుగు, పని తెలిసిన చెయ్యి అన్నాడు. ఇలాంటిది ఫిడేలు కంటే ఎక్కువే పలుకుతుందట. మేమందరం ఒక్కసారి ఊపిరి బిగబట్టాం. చీపురు కట్టిన తాడు విప్పాడు. కింద, కమాను తల దగ్గర, వెంట్రుకంత చీలిక. తల చీలితే ఇక పెద్దగా ఏమీ రాదండీ అని, బల్ల మీద మెల్లగా పెట్టి చెప్పులేసుకున్నాడు.

ఇట్లు,
బూజుకర్ర వారసుడు