ఉత్ప్రేరకం దొరికింది సరే, శక్తి ఎక్కడిది?

ఫ్యాక్టరీ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఇంధనంగా మార్చే కొత్త ఉత్ప్రేరకం కనిపెట్టారని కొద్ది నెలలకోసారి వార్త వస్తూనే ఉంటుంది. ల్యాబ్‌లో సాధించిన ఫలితం వరకు అందులో అబద్ధమేమీ ఉండదు. కానీ దీనికి కావలసిన శక్తి ఎక్కడి నుంచి వస్తుందనే అసలు ప్రశ్న చాలా వార్తల్లో కనిపించదు.

బొగ్గు, పెట్రోలు మండినప్పుడు వాటిలోని శక్తిని మనం వాడేసుకుంటాం. ఆ తర్వాత మిగిలేదే కార్బన్ డయాక్సైడ్. దాన్ని మళ్లీ ఇంధనంగా మార్చాలంటే వాడుకున్న శక్తిని తిరిగి పెట్టాల్సిందే. కొండ మీద నుంచి దొర్లిన రాయిని పైకి చేర్చాలంటే దారి ఎంత బాగున్నా ఎత్తు మాత్రం తగ్గదు కదా. ఉత్ప్రేరకం వల్ల చర్య వేగంగా జరుగుతుంది, మనకు కావలసిన పదార్థమే ఎక్కువగా వచ్చేలా చూడొచ్చు. శక్తి లెక్క మాత్రం మారదు.

ఇంధనంగానూ, రసాయనాల తయారీలోనూ వాడే మిథనాల్ అనే ఆల్కహాల్‌నే తీసుకుందాం. రాగి, జింక్ ఆక్సైడ్, అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) కలిసిన ఉత్ప్రేరకం మీద, 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ వేడిలో, అధిక పీడనంతో కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపితే మిథనాల్ వస్తుంది. పరిశ్రమకు ఈ తరహా ఉత్ప్రేరకం ఎప్పటి నుంచో తెలుసు. ఒక టన్ను మిథనాల్‌కు దాదాపు 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు ఖర్చవుతుంది. అంటే హైడ్రోజన్‌కే సుమారు 9,500 యూనిట్లు. ఆ టన్ను మిథనాల్‌ను మండిస్తే తిరిగి వచ్చే వేడి దాదాపు 5,500 యూనిట్లే. ఇక బొగ్గు కరెంటు వాడితే యూనిట్‌కు కిలోకు కాస్త అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. 1.4 టన్నులు పట్టుకోవడానికి తొమ్మిది టన్నుల దాకా వదులుతామన్నమాట. ఈ లెక్క వేయకుండా దాన్ని ‘గ్రీన్’ అనడం జనాన్ని తప్పుదోవ పట్టించడమే.

ఐస్‌లాండ్‌లోని స్వార్ట్‌సెంగిలో 2012లో మొదలైన జార్జ్ ఓలా మిథనాల్ ప్లాంట్ దగ్గర ఈ లెక్క కుదిరింది. భూగర్భ వేడితో నడిచే విద్యుత్ కేంద్రం పక్కనే ఉంది, కార్బన్ డయాక్సైడ్ కూడా అక్కడి నుంచే వచ్చేది. ఏడాదికి సుమారు 4,000 టన్నుల సామర్థ్యం, చిన్నదే. కాకపోతే శుద్ధమైన శక్తి ఉన్న చోటే దాన్ని కట్టారు.

అలాగని ఉత్ప్రేరకాల పరిశోధన దండగ అనడం లేదు. నిజానికి ఇక్కడే నాకు ఎక్కువ ఆశ. 1980లలో జపాన్ శాస్త్రవేత్త యోషియో హోరి, రాగి ఎలక్ట్రోడ్ మీద కరెంటుతో కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా మీథేన్, ఎథిలీన్ వంటి వాటిగా మార్చవచ్చని చూపించారు. విడి లోహాల్లో ఈ పని చెప్పుకోదగ్గ స్థాయిలో చేసేది రాగి ఒక్కటే. చిక్కేమిటంటే, ఒక్క పదార్థం కాకుండా చాలా రకాలు కలిసి వస్తాయి. క్షార ద్రావణం వాడితే లోపలికి పంపిన వాయువులో పెద్ద వాటా కార్బొనేట్ అనే లవణంగా మారి వృథా అవుతుంది. ల్యాబ్‌లో కొన్ని గంటలు బాగా పనిచేసిన ఎలక్ట్రోడ్ ఫ్యాక్టరీలో వేల గంటలు నిలవాలి. పొగలోని గంధకం రాగిని పాడు చేస్తుంది. ఇవన్నీ ఉత్ప్రేరక శాస్త్రం తీర్చాల్సిన సమస్యలే.

పట్టుకునే దశలోనూ ఖర్చు తక్కువేం కాదు. పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను అమీన్ అనే రసాయనం కలిపిన ద్రావణంలో పీల్చుకుని, తర్వాత ద్రావణాన్ని 120 డిగ్రీల దాకా వేడి చేసి విడిపిస్తారు. వేడి ఖర్చంతా ఇక్కడే. విడిపించే పని లేకుండా ద్రావణంలోనే దాన్ని మరో పదార్థంగా మార్చే ఉత్ప్రేరకం వస్తే ఒక దశ మొత్తం మిగులుతుంది. నా దృష్టిలో ఉన్న పద్ధతుల్లో కొద్ది శాతం మెరుగుదలల కన్నా దీనికే ఎక్కువ నిధులు రావాలి.

ఇంకో సంగతి. మార్చిన కార్బన్ ఎంతకాలం నిలుస్తుంది? నేడు పరిశ్రమల్లో కార్బన్ డయాక్సైడ్‌ను అత్యధికంగా వాడుకునేది యూరియా తయారీ. యూరియాను పొలంలో చల్లాక అందులోని కార్బన్ మళ్లీ గాలిలోకే పోతుంది. మిథనాల్ మండినా అంతే. కాంక్రీటులో కార్బొనేట్‌గా చేరినది నిలిచి ఉంటుంది. పైగా పరిమాణం చూడండి: ప్రపంచంలో ఏటా తయారయ్యే మిథనాల్ సుమారు 11 కోట్ల టన్నులు. అదంతా ఈ పద్ధతిలోనే చేసినా 15 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడే ఖర్చవుతుంది. శిలాజ ఇంధనాల నుంచి ఏటా వెలువడేది 3,700 కోట్ల టన్నుల పైమాటే. అందులో ఇది అర శాతం కూడా కాదు.

కాబట్టి ఈ టెక్నాలజీని బొగ్గు ప్లాంట్ల ఆయుష్షు పెంచడానికి సాకుగా వాడుకోనివ్వకూడదు. బ్యాటరీతో నడపలేని దూరప్రయాణపు ఓడలు, విమానాలు, కార్బన్ లేకుండా తయారు కాని రసాయనాలు, వీటికే దీన్ని కేటాయించాలి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి ప్లాంటూ తన కరెంటు ఏ గంటకు ఎక్కడి నుంచి వచ్చిందో, తయారైన సరుకులో కార్బన్ ఎన్నేళ్లు ఉంటుందో బహిరంగంగా చెప్పాలి. అదే కరెంటుతో పక్కనున్న బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ఆపగలిగే పరిస్థితి ఉంటే, ముందు ఆ పనే చేయాలి.