ఆ తాడు దాటొద్దు

ఆగస్టులో ఇక్కడ అమెరికాలో, మిషిగన్ సరస్సు ఒడ్డున ఇసుక తిన్నెలుండే ఇండియానా డ్యూన్స్ పార్కులో మన తెలుగువాళ్ల వనభోజనాలు బాగానే జరిగాయి. గ్రూప్ ఫొటో కోసం ముప్పై మందిమి, ఎక్కొద్దని అడ్డంగా కట్టిన తాడు దాటి ఇసుక తిన్నె ఎక్కాం. పార్కు కాపలా చూసే రేంజర్ వచ్చి దిగమంది. ఆ సాయంత్రం నుంచి వాట్సాప్‌లో ఒకటే గోల, "మనం ఇండియన్స్‌మని చూసే అలా అన్నారు" అని. రేంజర్ మాట నన్ను నొప్పించలేదు, ఆ మెసేజ్‌లే నొప్పించాయి.

మా అమ్మ చీరాల నుంచి వచ్చింది. ఆవిడ తాడు ఇవతలే ఆగిపోయింది. "మన సముద్రం ఒడ్డున రావణాసురుడి మీసాల గడ్డి లేదుట్రా, ఇదీ అలాంటిదే. దీన్ని తొక్కితే ఇసుక నిలవదు" అంది. అక్కడిది మర్రమ్ గడ్డి, జాతి వేరు, చేసే పని ఒకటే. గాలి ఎంత ఇసుక తెచ్చి పోసినా అందులోంచే పైకి లేస్తుంది, లోపల కాడలు అల్లుకుని తిన్నెను పట్టి ఉంచుతుంది. కానీ కాళ్ల కింద నలిగితే బతకదు. గడ్డి పోయిన చోట గాలి ఇసుకను తోడేస్తుంది.

దిగుతుంటే నా చెప్పు పక్కనే వెండి రంగు ఆకుల చిన్న మొక్క కనిపించింది. ఒక ఆకు మధ్యకి విరిగి వేలాడుతోంది. ఫొటో తీసి ఇంటికొచ్చి వెతికితే పిచర్స్ థిజిల్ అని తేలింది. మిషిగన్ లాంటి ఈ మహా సరస్సుల ఒడ్డున తప్ప ఇంకెక్కడా పెరగదట. 1988 నుంచి ముప్పున్న మొక్కల జాబితాలో ఉంది. 5 నుంచి 8 ఏళ్లు ఉత్త ఆకులతో ఉండి, జీవితంలో ఒక్కసారి పూసి, విత్తనాలు రాల్చి చచ్చిపోతుంది. పూయకముందే తొక్కామంటే అన్నేళ్ల ఎదుగుదలా వృథా. ఆ విరిగిన ఆకు నా చెప్పు కింద పడిందేనేమో.

అక్కడి మౌంట్ బాల్డీ అనే పెద్ద ఇసుక తిన్నె ఏటా దాదాపు 4 అడుగులు లోపలికి జరుగుతోంది. తప్పంతా కాళ్లదే అనను, పక్కనున్న హార్బర్ కట్టడాలు కూడా ఒడ్డుకు చేరాల్సిన ఇసుకను ఆపేస్తున్నాయి. అయినా గడ్డి తొక్కింది జనమే. అందులో అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు, ఈసారి మనమూ ఉన్నాం.

కార్తీకంలో ఉసిరి చెట్టుకు పసుపు కుంకుమ పెట్టాకే విస్తళ్లు వేసే వాళ్లం మనం. అదే మనం సూర్యలంకలో భోంచేసి ప్లేట్లు ఇసుకలోనే వదిలేసి వస్తాం. ఈ రెండో అలవాటు ఇక్కడికి తేవద్దు.

కమిటీ పెద్దలకు నా మనవి. వచ్చే ఏడు ఫొటో నీళ్ల అంచున, తడి ఇసుక మీద తీయించండి. పిల్లలకు ఈ గడ్డి గురించి ముందే తెలుగులో చెప్పించండి. తాడు దగ్గర నిలబడే డ్యూటీ నాకివ్వండి, పొద్దున్నే వచ్చేస్తాను.