బొమ్మ ఇచ్చారు సరే, గెలుపుల మాటేమిటి?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని రెజీ బుష్ 2005లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ) తరఫున గెలిచి, ఏజెంట్ల డబ్బు ముట్టిందన్న కారణంతో 2010లో వదులుకున్నాడు. పద్నాలుగేళ్ల తరువాత 2024 ఏప్రిల్‌లో అది తిరిగి దక్కింది. సంతోషం. కాలేజీ ఫుట్‌బాల్‌లో వచ్చిన భారీ మార్పులను చూసి ఈ నిర్ణయం తీసుకున్నామని ఆ బహుమతి ఇచ్చే హైస్‌మన్ ట్రస్ట్ సెలవిచ్చింది. తప్పు చేశామన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఒళ్లు మండేది అక్కడే.

బుష్ ఎలాంటి ఆటగాడో 2005 నవంబరులో ఫ్రెస్నో స్టేట్‌తో మ్యాచ్ చూసినవాళ్లను అడగాలి. గీత వెంట దూసుకుపోతున్నవాడు ఠక్కున ఆగాడు. బంతిని వీపు వెనక నుంచే రెండో చేతిలోకి మార్చాడు. తరుముకొస్తున్నవాళ్లు అటే కొట్టుకుపోతే తను మైదానానికి అడ్డంగా పరుగెత్తి, బంతిని చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేసేశాడు. ఆ ఒక్క రాత్రే బంతితో ముందుకెళ్లింది మొత్తం 513 గజాలు. ఆ సీజన్‌లో పరుగుతోనే 1,740 గజాలు, బంతితో పరుగెత్తిన ప్రతిసారీ సగటున 8.7. ఇందులో ఏజెంట్ల డబ్బు సంపాదించిపెట్టిన గజం ఒక్కటైనా ఉందా?

రూల్ రూలే, బుష్ కుటుంబం అద్దె కట్టకుండా ఏజెంట్లు చూపిన ఇంట్లో ఉన్నది నిజమే కదా అనేవాళ్లున్నారు. కాదనం. కానీ పంక్తిలో వలపక్షం దేనికి? లక్షమందికి దగ్గరగా జనం పట్టే కొలీజియం స్టేడియంలో టికెట్లు అమ్ముకున్నది యూనివర్సిటీ. ప్రసార హక్కుల మీద సంపాదించింది కాన్ఫరెన్సులు (కాలేజీ జట్ల లీగులు), టీవీ చానళ్లు. 2010 జూన్‌లో కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ కొరడా తీసేసరికి కోచ్ పీట్ కారల్ సియాటెల్‌లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఉద్యోగంలో కుదురుకున్నారు. దెబ్బలు తిన్నది వెనక మిగిలిన కుర్రాళ్లు. రెండేళ్లు సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌లు లేవు, 30 స్కాలర్‌షిప్‌లు పోయాయి. బుష్‌నైతే సొంత కాలేజీ గడప తొక్కనివ్వలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ!

2021 జులైలో ఆటగాళ్లు తమ పేరును ప్రకటనలకు అమ్ముకుని సంపాదించుకోవచ్చని ఇదే ఎన్‌సీఏఏ తలుపులు తెరిచింది. మరి నా సంగతేమిటని బుష్ అడిగితే, అదే నెలలో కుదరదు పొమ్మంది. ఎన్‌సీఏఏ ఒప్పుకుంటే మేమూ ఇస్తామని ట్రస్ట్ దాని వెనక నక్కింది. ఎన్‌సీఏఏ ఇప్పటికీ ఒప్పుకోలేదు. అయినా ట్రోఫీ వచ్చేసింది. అంటే ఇన్నాళ్లూ అడ్డం ఎవరు పడ్డట్టు?

ఇంకో సంగతి. 2024 ఏప్రిల్ 10న చనిపోయిన ఓ.జె. సింప్సన్ 1968 హైస్‌మన్ విజేత. ఆయనా బుష్ లాగే యూఎస్‌సీ రన్నింగ్ బ్యాకే, అంటే బంతితో పరుగెత్తే ఆటగాడే. జంట హత్యల కేసులో 1995లో నిర్దోషిగా బయటపడినా, ఆ చావులకు బాధ్యుడే అని 1997లో సివిల్ జ్యూరీ తేల్చింది. 2008లో సాయుధ దోపిడీ కేసులో దోషిగా తేలి జైలుకెళ్లారు. విజేతల జాబితాలో ఆయన పేరు చెక్కుచెదరలేదు. ట్రస్ట్ సంతాపం కూడా ప్రకటించింది. అద్దె లేని ఇల్లు మాత్రం దానికి మహాపాతకంగా కనిపించింది.

శిక్షగా ఎన్‌సీఏఏ రద్దు చేసిన యూఎస్‌సీ 2004, 2005 సీజన్ల 14 విజయాలు ఇంకా కొట్టివేతలోనే ఉన్నాయి. ఓక్లహోమాను 55-19తో చిత్తు చేసిన ఆరెంజ్ బౌల్ ఫైనల్ కూడా వాటిలో ఉంది. కోట్లమంది టీవీలో చూసిన మ్యాచ్ జరగలేదని రికార్డు పుస్తకం చెబితే నమ్మేదెవరు? ఎన్‌సీఏఏ మీద పరువు నష్టం దావా వేసి బుష్ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఎన్‌సీఏఏ పెద్దలకు ఏమాత్రం సిగ్గున్నా ఆ గెలుపులను తిరిగి రాయాలి. ఆ పనికి ఒక పెన్ను, పది నిమిషాలు చాలు.