మోర్జే ద్రాక్షకు పొట్టి పందిరా, తీగెల వరుసా?

ఇటలీ వాయవ్య మూలన, మాంట్ బ్లాంక్ పర్వతం నీడలో వల్లె దావోస్తా ప్రాంతం ఉంది. దాని ఎగువ కొసన మోర్జే, లా సాల్ ఊళ్ల దగ్గర 900 నుంచి 1,200 మీటర్ల ఎత్తున ప్రియే బ్లాంక్ అనే తెల్ల ద్రాక్ష పండుతుంది. యూరప్‌లో ఇంత ఎత్తున ద్రాక్ష పండే చోట్లు అరుదు. ఇక్కడి పందిళ్లు మనిషి నడుము దాటవు. వాటిని తీసి ఇనుప తీగెల వరుసలు వేయాలా అన్నదే ఈ వాదం.

వరుసల పక్షం: హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిరి కింద మనిషి నిలబడి పని చేస్తాడు. మోర్జేలో వంగినా చాలదు, మోకాళ్ల మీద పాకాలి. కత్తిరింపు, చిగుళ్లు కట్టడం, ఆకు తీయడం, కోత అన్నీ అలాగే. ట్రాక్టర్ దూరదు. రేపు ఈ పనికి ఎవరొస్తారండీ?

పందిరి పక్షం: ఆ ఎత్తు చలిని చూసి పెట్టినది. పగలంతా నేల, రాతి గోడలు తాగిన వేడి రాత్రి పైకి వస్తుంది, నేలకు దగ్గరగా వేలాడే గుత్తులకు అందుతుంది. మీ వరుసలు లోయ గాలికి ఎదురు నిలబడాలి.

వరుసల పక్షం: వేడి సరే, తడి మాటేమిటి? దట్టమైన ఆకు కింద గాలి ఆడదు. వాన తర్వాత తడి ఆరక బూజు తెగులు వస్తుంది, గుత్తులు కుళ్లుతాయి. కొట్టిన మందు పై ఆకుల మీదే ఆగిపోతుంది. పైగా వసంతంలో గాలి కదలని రాత్రి చల్లగాలి అడుగున పేరుకుంటుంది. ముందు మాడేది నేల దగ్గరి చిగుళ్లే. మొదటి తీగెను 70–80 సెంటీమీటర్ల ఎత్తున కడితే కొంతైనా తప్పుతుంది.

పందిరి పక్షం: గాలి నిలిచే పల్లంలో మీ మాటే నిజం. ఏటవాలులో మాత్రం చల్లగాలి కిందికి జారిపోతుంది. తెగులుకు విరుగుడు ఉంది: అదనపు చిగుళ్లు ముందే గిల్లాలి, పూత అయ్యాక గుత్తుల చుట్టూ ఆకు తీయాలి. నా భయమల్లా వేళ్ల గురించే. యూరప్ ద్రాక్షను నాశనం చేసిన ఫిలాక్సెరా వేరుపేను ఈ ఎత్తుకు చేరలేదు. అందుకే ఈ పాదులు అమెరికన్ జాతి వేరు మీద అంటుకట్టకుండా సొంత వేళ్ల మీదే ఉన్నాయి. ఒక పాదు చస్తే పక్కదాని పొడవాటి కొమ్మను వంచి, గుంటలో పూడ్చి, కొనను ఖాళీ చోట పైకి తీస్తారు. అది బాగా వేళ్లూనాకే తల్లి నుంచి కోయాలి, తొందరపడితే ఎండిపోతుంది. తోటను పెకలిస్తే ఈ నేలంటు పరంపర అక్కడితో సరి.

వరుసల పక్షం: కొత్త మడుల్లో ఆ పాదుల కొమ్మలనే నాటుదాం. ఏటా ఒక పొడవాటి కాపు కొమ్మ, వచ్చే ఏటికి రెండు కళ్ల ముక్క ఉంచే గ్యూయో కత్తిరింపు చేస్తే గుత్తులన్నీ ఒకే ఎత్తున ఉండి సమంగా పండుతాయి. ఈ ద్రాక్షతో చేసే, షాంపేన్‌లా పొంగే బుడగల వైన్‌కు అది ముఖ్యం.

పందిరి పక్షం: బుడగల వైన్‌కు అంతకన్నా ముఖ్యం పులుపు. సీసాలో రెండోసారి పులియడానికి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర వేస్తే 6 అట్మాస్ఫియర్ల ఒత్తిడి వస్తుంది, ఆల్కహాలు ఇంకో ఒకటిన్నర శాతం దాకా పెరుగుతుంది. కాబట్టి మూల వైన్ 10–11 శాతం దగ్గర, మంచి పులుపుతో ఉండాలి. ఎండలు ముదిరే కొద్దీ ఆ పులుపును కాపాడేది పందిరి నీడే.

వరుసల పక్షం: పొద్దుటి ఎండ వైపే ఆకు తీసి, సాయంత్రం వైపు ఉంచేస్తాం. గోడ కూలి, పాదులు చచ్చిన మడులతోనే మొదలుపెట్టనివ్వండి.

పందిరి పక్షం: నేలంటుకు పనికొచ్చే పాదు ఒక్కటీ మిగలని మడులైతే నాకు అభ్యంతరం లేదు. గోడను మాత్రం సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చే కట్టాలి. సందులు పూడ్చేస్తే వాన నీరు వెనక నిలిచి గోడను ముందుకు తోసేస్తుంది.